కోటీ తొంభై లక్షలు తక్కువైన తారీఖు

2025 జనవరి 14, మంగళవారం, సంక్రాంతి. ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్ ప్రధాన కేంద్రంగా జాతీయ పసుపు బోర్డును కేంద్రమంత్రి పీయూష్ గోయల్ ఢిల్లీ నుంచి ప్రారంభించిన రోజు. ఇందూరు పసుపు రైతుకు ఈ తారీఖు గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు, పండగే సాక్ష్యం.

షేర్లు, సరుకుల ధరలు చూసి ‘ఇప్పుడు కొను, ఇప్పుడు అమ్ము’ అని లెక్క చెప్పే ప్రోగ్రామింగ్ భాషలు కొన్ని ఉన్నాయి. ఇదే రోజు ఏమిటని వాటిని అడిగితే ఒకటి 1250114 అంటుంది. మరొకటి 9145 అంటుంది. గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి రోజు మొదలెట్టే మూడోది 1736812800 అంటుంది. ఎక్సెల్ షీటు 45671 చూపిస్తుంది. తహసీల్దారు ఆఫీసు పాత లెక్కలో అది 1434వ సంవత్సరం. వీటిలో ఏదీ తప్పు కాదు. ఎవరు ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టారన్నదే తేడా. ఆ మొదలు తెలియకుండా డబ్బు పెట్టినవాడికి మాత్రం తిప్పలు తప్పవు. అలాంటి కాలం లెక్కల్లో వింతైనవి కొన్ని ఇవి.

పేరు ఈజీ, తారీఖు కాదు

ట్రేడింగ్ కోసమే పుట్టిన భాషల్లో పేరున్నది ఈజీ లాంగ్వేజ్. అమెరికాలో ఒమేగా రీసెర్చ్ అనే కంపెనీ 1991లో తెచ్చిన ట్రేడ్‌స్టేషన్ సాఫ్ట్‌వేర్‌లో వాడే భాష ఇది. మామూలు ఇంగ్లిష్ వాక్యాల్లా రాసుకోవచ్చు కాబట్టి ఆ పేరు. తారీఖు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈజీతనం తగ్గుతుంది. సంవత్సరంలోంచి 1900 తీసేసి, మిగిలినదాని పక్కన నెల, రోజు అతికిస్తుంది. 1999 డిసెంబరు 31 అంటే 991231. మర్నాడు, 2000 జనవరి 1, దానికి 1000101. రాత్రికి రాత్రి ఆరంకెల తారీఖు ఏడంకెలదైంది.

చూడ్డానికి వికారంగా ఉన్నా ఇందులో ఓ తెలివి ఉంది. వైటూకే భయం పట్టుకున్న ఆ రోజుల్లో, సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న ప్రోగ్రాములకు 99 తర్వాత 00 వచ్చి కొత్తది పాతదానికంటే చిన్నదైపోయే ప్రమాదం ఉండేది. వాటిని సరిచేసే పనిమీదే మన కుర్రాళ్లు ఎందరో అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని అమెరికా విమానం ఎక్కారు. ఈజీ లాంగ్వేజ్‌కు ఆ గండం రాలేదు. 1000101 ఎప్పుడూ 991231 కంటే పెద్దదే.

మన దేశంలో చిన్న ట్రేడర్లు ఎక్కువగా వాడే ఆమిబ్రోకర్‌లోనూ ఇదే సూత్రం. దాన్ని తయారుచేసింది పోలండ్‌కు చెందిన టోమాష్ యానెచ్కో. దాని ఏఎఫ్ఎల్ భాషలో డేట్‌నమ్ అని అడిగితే సంక్రాంతి నాటికి వచ్చేది అదే 1250114. దాన్ని మనుషుల తారీఖుగా మార్చడానికి చిట్కా సులువు. కోటీ తొంభై లక్షలు కలపండి. 20250114 వస్తుంది.

దీని తాత మన దగ్గరే ఉన్నాడు

సంవత్సరంలోంచి ఓ అంకె తీసేసి రాసుకునే పద్ధతి అమెరికావాళ్ల సొంతమేం కాదు. నిజాం ఇలాకాలో పట్వారీలు తరాలపాటు 590 తీసేసి రాశారు. అదే ఫసలీ. ఫసల్ అంటే పంట. పంటను బట్టి శిస్తు, శిస్తును బట్టి సంవత్సరం. ఈనాటికీ తెలంగాణలో భూమి తగాదా కోర్టుకెక్కితే 1317 ఫసలీ నాటి భూమి శిస్తు చట్టం పేరు వినిపిస్తుంది. అది చదివి ‘ఏడొందల ఏళ్ల కిందటిదా!’ అని నోరెళ్లబెట్టే కొత్త లాయర్లూ ఉంటారు. 590 కలిపితే అది 1907 దగ్గరికి వస్తుంది.

ఇక్కడా ఓ మెలిక ఉంది. జాగీర్ల రద్దు చట్టం 1949 ఆగస్టులో వచ్చింది. 1949లోంచి 590 తీస్తే 1359 రావాలి. చట్టం పేరులో ఉన్నది 1358. కారణం, అప్పటి హైదరాబాద్ ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో, అంటే అక్టోబరు తొలివారంలో మొదలయ్యేది. ఆగస్టు నాటికి ఇంకా పాత సంవత్సరమే నడుస్తోంది. తర్వాతి కాలంలో ఫసలీ జూలై 1కి మారింది. 2025 జనవరి 14 నాటికి ఆ ఏటి జూలై ఇంకా రాలేదు కనుక అది ఫసలీ 1434లోకి వచ్చింది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన 1937కు ఫసలీ చెప్పమంటే, ‘ఏ నెలలో?’ అని అడగకుండా చెప్పలేం. అక్టోబరుకు ముందైతే 1346, తర్వాతైతే 1347. ఒకటి అటూ ఇటూ అయ్యే ఈ జబ్బు ప్రోగ్రాములు రాసేవాళ్లకు నిత్యం ఎదురయ్యేదే.

తొమ్మిది గంటల అరవై ఐదు నిమిషాలు

ఈజీ లాంగ్వేజ్ గంటలనూ ఇలాగే అతికిస్తుంది. ఉదయం తొమ్మిదింపావు అంటే 915. మధ్యాహ్నం మూడున్నర అంటే 1530. చదవడానికి హాయిగా ఉంటుంది, కూడబోతేనే కష్టం. 915కి 50 నిమిషాలు కలిపితే యంత్రం 965 అంటుంది. అంటే తొమ్మిది గంటల అరవై ఐదు నిమిషాలు. ఆ సమయం ఏ గడియారంలోనూ రాదు కనుక, ‘965 కాగానే అమ్మెయ్’ అన్న ఆజ్ఞ కూడా ఎప్పటికీ అమలు కాదు.

తీసివేత ఇంకా మోసం చేస్తుంది. పావు తక్కువ పదికి, పదికి మధ్య తేడా పదిహేను నిమిషాలని బడి పిల్లలూ చెబుతారు. 1000లోంచి 945 తీస్తే యంత్రానికి వచ్చేది 55. అందుకే ముందు సమయాన్ని నిమిషాల్లోకి మార్చి, లెక్క చేసి, మళ్లీ గంటల్లోకి తెచ్చే ఏర్పాట్లు ఆ భాషలోనే పెట్టారు. అర్ధరాత్రి దాటిన అయిదు నిమిషాలకు అది చూపించే సమయం మరీ క్లుప్తం. ఉత్త 5.

ఎన్నడూ తెల్లవారని రోజు

1900 ఫిబ్రవరి 29 అనే రోజు లోకంలో లేదు. నాలుగుతో భాగించబడినా, వందతో భాగించబడి నాలుగొందలతో భాగించబడని సంవత్సరం లీపు కాదు. అయినా ఎక్సెల్‌లో 60 కొట్టి తారీఖుగా మార్చమంటే అది 1900 ఫిబ్రవరి 29 చూపిస్తుంది. లోటస్ 1-2-3 అనే పాత సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన తప్పు ఇది. ఆ ఫైళ్లు తమ దగ్గరా సరిగ్గా తెరుచుకోవాలని ఎక్సెల్ వాళ్లు తప్పును తెలిసే ఉంచేశారు. ధరలను ఎక్సెల్‌లోకి దించుకునే ప్రతి ట్రేడరూ ఆ లేని రోజును మోస్తున్నాడు. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టి నిజంగా లెక్కిస్తే పసుపు బోర్డు రోజు 45670వది. ఎక్సెల్ చెప్పేది 45671.

ఒకే క్యాండిల్, రెండు పేర్లు

అయిదేసి నిమిషాల ధరల కదలికను ఒక్కో క్యాండిల్‌గా చూపే చార్టులో నిఫ్టీ మొదటి క్యాండిల్‌కు పేరేమిటి? ట్రేడింగ్‌వ్యూ అనే చార్టుల వెబ్‌సైటులో చూస్తే 9:15. ట్రేడ్‌స్టేషన్ పద్ధతిలో అయితే 9:20. మొదటిది క్యాండిల్ పుట్టిన సమయాన్ని పేరుగా పెడుతుంది, రెండోది ముగిసిన సమయాన్ని. ఒక భాషలో రాసిన సూత్రాన్ని మరో భాషలోకి మార్చేటప్పుడు ఈ సంగతి మరిస్తే, ఇంకా జరగని అయిదు నిమిషాలు ముందే తెలిసినట్టు లెక్క వస్తుంది. కాగితం మీద లాభాలు దండిగా కనిపిస్తాయి. అసలు డబ్బు పెట్టిన రోజు అవి కనిపించవు.

ఇందూరులో దీనికి సరిసమానమైన వింత పంచాంగంలోనే ఉంది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. రాజస్థాన్ నుంచి వచ్చి స్థిరపడిన మార్వాడీ సేట్ల పంచాంగంలో పున్నమితో ముగుస్తుంది. 2025 సంక్రాంతి నాడు తిథి బహుళ పాడ్యమి. మన పంచాంగంలో అది పుష్యం, సేటు గారి పంచాంగంలో మాఘం. మన దీపావళి ఆశ్వయుజ అమావాస్య అయితే వారిది కార్తీక అమావాస్య. దీపం ఒకే రాత్రి వెలుగుతుంది.

శనివారం సున్నా

వారానికి మొదటి రోజు ఏదన్న దానిమీద యంత్రాలకు ఏకాభిప్రాయం లేదు. ఈజీ లాంగ్వేజ్‌లో, ఏఎఫ్ఎల్‌లో ఐతారం సున్నా. ట్రేడింగ్‌వ్యూ వారి పైన్ స్క్రిప్ట్‌లో ఐతారం ఒకటి. పైథాన్‌లో సోమారం సున్నా. పెద్ద పెద్ద బ్యాంకులు వాడే, ఆర్థర్ విట్నీ సృష్టించిన ‘క్యూ’ భాషది వీటన్నిటికంటే వేరే దారి. అది రోజులను 2000 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది. ఆ రోజు శనివారం. కాబట్టి రోజు అంకెను ఏడుతో భాగిస్తే మిగిలేది సున్నా అయితే శనివారం, ఒకటైతే ఐతారం. పసుపు బోర్డు రోజైన 9145ను ఏడుతో భాగించి చూడండి. మూడు మిగులుతుంది. శని సున్నా, ఐతారం ఒకటి, సోమారం రెండు, మంగళారం మూడు. లెక్క కుదిరింది.

అదే మూడు ఈజీ లాంగ్వేజ్‌లో బుధారం, పైథాన్‌లో బేస్తవారం. ఒక భాషలోని అంకెను మరో భాషలో అలాగే దించుకున్నవాడు ఒక అంగడికి పోవాల్సింది మరో అంగడికి పోయినట్టే.

గంటలతో తెగని 375

మన షేర్ మార్కెట్ ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. మొత్తం 375 నిమిషాలు. గంట క్యాండిళ్లుగా కోస్తే ఆరు నిండుగా వచ్చి, ఏడోది పదిహేను నిమిషాల తునక మిగులుతుంది. అరగంటగా కోసినా పదమూడోది సగమే. అందుకే లోకంలో మరెక్కడా పెద్దగా పట్టించుకోని 75 నిమిషాలు, 125 నిమిషాల చార్టులకు మన దేశంలో ఇంత గిరాకీ. మొదటిదైతే సరిగ్గా అయిదు ముక్కలు, రెండోదైతే మూడు.

ఈ 375 కూడా ఆది నుంచీ ఉన్నది కాదు. 2010కి ముందు మార్కెట్ 9:55కు తెరిచేది. ఆ ఏడాది జనవరిలో 9 గంటలకు జరిగింది, అక్టోబరులో 9:15 దగ్గర స్థిరపడింది. ఇరవై ఏళ్ల ధరలమీద ఒకే గడియారంతో పరీక్ష పెట్టేవాడు ఈ మూడు కాలాలనూ కలగాపులగం చేస్తాడు.

అతి పొట్టి రోజు, అతి వింత రోజు

ఏడాదిలో అతి పొట్టి ట్రేడింగ్ దీపావళి ముహూరత్ ట్రేడింగ్. నిడివి ఒక్క గంట. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఇది 1957 నుంచీ ఉంది. లక్ష్మీపూజ వేళకు సాయంత్రం జరగడం ఆనవాయితీ. 2025లో మాత్రం అక్టోబరు 21న మధ్యాహ్నం 1:45 నుంచి 2:45 వరకు పెట్టారు. ‘ముహూరత్ అంటే సాయంత్రం’ అని ప్రోగ్రాంలో రాసి పెట్టుకున్నవాళ్లకు ఆ ఏడు ముహూర్తం దాటిపోయింది.

దీనికి ఎదురుగా చెప్పుకోవాల్సింది 2021 ఫిబ్రవరి 24. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సాంకేతిక లోపంతో ఉదయం 11:40కి ఆగిపోయింది. మూడున్నరకు మూసేయాల్సిన మార్కెట్ 3:45కు తిరిగి తెరిచి, 5 గంటల వరకు నడిచింది. ఆ ఒక్కరోజు సమాచారంలో నడుమ నాలుగు గంటల ఖాళీ ఉంటుంది, ఉండకూడని వేళలో ధరలు ఉంటాయి. ‘1530 తర్వాత వచ్చింది చెత్త’ అని తీసిపారేసే ప్రోగ్రాం నిజమైన బేరాలను తీసిపారేస్తుంది.

శనివారం సెలవన్న నమ్మకమూ గట్టిది కాదు. 2025 ఫిబ్రవరి 1 శనివారమే అయినా బడ్జెట్ రోజని మార్కెట్ పూర్తిగా నడిచింది.

న్యూయార్క్ గడియారం తిప్పితే ఇందూరులో పొద్దుపోతుంది

వేసవిలో గడియారం గంట ముందుకు, చలికాలంలో గంట వెనక్కు జరిపే అలవాటు మనకు లేదు. అమెరికాకు ఉంది. మార్చిలో రెండో ఆదివారం ముందుకు, నవంబరులో మొదటి ఆదివారం వెనక్కు జరుపుతారు. బంగారం, వెండి, ముడిచమురు బేరాలు జరిగే మన ఎంసీఎక్స్ అందుకు తగ్గట్టు తన వేళ మార్చుకుంటుంది. వేసవిలో రాత్రి 11:30కి మూసేది చలికాలంలో 11:55 దాకా తెరిచి ఉంటుంది. మన గోడ గడియారం ముల్లు ఎవరూ ముట్టుకోకుండానే మన మార్కెట్‌కు ఇరవై అయిదు నిమిషాలు వచ్చి చేరతాయి.

మన గడియారం కూడా మన ఊరి సూర్యుడిది కాదు. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. నిజామాబాద్ సుమారు 78.1 డిగ్రీల దగ్గరుంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే ఇందూరు పొద్దు ప్రామాణిక సమయం కంటే పదిహేడు నిమిషాలకు పైగా వెనక. బోధన్‌లో ఇంకో నిమిషం ఎక్కువ. మార్కెట్ గంట 9:15కు మోగినప్పుడు ఇక్కడి ఎండ లెక్కన ఇంకా తొమ్మిది కూడా కాలేదు.

జూన్‌లో ముగిసే జూలై చక్కెర

ప్రపంచ ముడి చక్కెర ధరకు కొలబద్ద న్యూయార్క్‌లోని ‘షుగర్ నంబర్ 11’ కాంట్రాక్టు. ఏడాదికి దానికి నాలుగే నెలలు. మార్చి, మే, జూలై, అక్టోబరు. వాటికి వాడే గుర్తులు హెచ్, కె, ఎన్, వి. నెల పేరులోని మొదటి అక్షరానికీ గుర్తుకూ పొంతన వెతక్కండి, దొరకదు. ఇంకా వింత, పేరులో ఉన్న నెల వచ్చేసరికి ఆ కాంట్రాక్టు ఉండదు. ముందు నెల ఆఖరి పనిదినంతో బేరాలు ఆగిపోతాయి. జూలై చక్కెరను జూలైలో కొనబోయిన ప్రోగ్రాం ఖాళీ దుకాణం ముందు నిలబడుతుంది.

చక్కెరకు మన దేశంలోనూ సొంత సంవత్సరం ఉంది. అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. బోధన్ చెరుకు రైతుకు ఏప్రిల్‌తో మొదలయ్యే బ్యాంకు సంవత్సరం, జూలైతో మొదలయ్యే ఫసలీ, అక్టోబరుతో మొదలయ్యే చక్కెర సంవత్సరం, చైత్రంతో మొదలయ్యే ఉగాది, జనవరి క్యాలెండరు కలిపి అయిదు కొత్త సంవత్సరాలు. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదని పేరుపొందిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. ఆ రోజుకు చక్కెర సంవత్సరం మొదలై మూడు నెలలైనా నిండలేదు.

తొమ్మిదక్షరాల ఇందూరు

పసుపు ఫ్యూచర్స్, అంటే ముందస్తు బేరాలు, 2004లో ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజ్‌లోకి వచ్చాయి. ధరకు ఆధారం నిజామాబాద్ మార్కెట్. తెరమీద కనిపించే గుర్తు టీఎంసీఎఫ్‌జీఆర్ఎన్‌జెడ్ఎం. తొమ్మిది అక్షరాలు, చివరి మూడూ నిజామాబాదే. ఇందూరు మార్కెట్ యార్డు మెట్లెక్కని ముంబై కుర్రాడు కూడా ఈ ఊరి పేరు రోజూ టైపు చేస్తాడన్నమాట.

ఈ కాంట్రాక్టు గడువు నెలలో 20వ తారీఖు. 20 శనివారమో ఆదివారమో సెలవో అయితే దానికి ముందున్న పనిదినం. ‘20’ అని మాత్రమే రాసిన ప్రోగ్రాం అలాంటి నెలల్లో ఆలస్యంగా మేలుకుంటుంది. అప్పటికి కాంట్రాక్టు తీరిపోయి ఉంటుంది. యార్డులో హమాలీ, దడ్వాయి, ఆడ్తిదారు ఎవరినడిగినా రేపు బంద్ ఉందో లేదో చెబుతారు. యంత్రానికి మాత్రం సెలవుల జాబితా ఎవరో ఒకరు ప్రతి ఏడూ రాసివ్వాలి.

పన్నెండు యంత్రాలు, గంట ఆలస్యం

ఆఖరి వింత పూర్తిగా ఇందూరుదే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీచేశారు. అందులో 170 మందికి పైగా రైతులు. పసుపు బోర్డు కావాలి, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి అన్నది వారి మాట. నోటాతో కలిపి 186 గుర్తులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పట్టేది పదహారే. ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండు యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. పాత తరం ఈవీఎంకు నాలుగు యూనిట్లే, అంటే 64 గుర్తులే దాని హద్దు. అందుకని కొత్త తరం ఎం3 యంత్రాలు తెప్పించారు.

ఇన్ని యూనిట్లతో మాక్ పోలింగ్ జరపడానికి వేళ చాలదని ఇక్కడ పోలింగ్ సమయాన్నే మార్చారు. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. రైతులు నామినేషన్లు వేసి ఎన్నికల గడియారాన్నే జరిపించిన చోటు ఇది.

ఆ పోలింగ్ రోజు ఏప్రిల్ 11, ఈజీ లాంగ్వేజ్‌లో 1190411. బోర్డు ప్రారంభమైన రోజు 1250114. రెండోదానిలోంచి మొదటిదాన్ని తీసేస్తే యంత్రం 59703 అంటుంది. ఆ అంకెకు అర్థం లేదు. ఇందూరు పసుపు రైతు ఓటుకూ బోర్డుకూ మధ్య ఎదురుచూసింది సరిగ్గా 2105 రోజులు.